ఎన్‌డీఏ మెడికల్‌లో పాత మందుల సంగతి రాయాలా, వద్దా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) రాతపరీక్ష పాసయ్యాను, ఎస్‌ఎస్‌బీ (సైనిక అధికారుల ఎంపిక ఇంటర్వ్యూ) పిలుపు కోసం చూస్తున్నాను. పదో తరగతి అయ్యాక విశాఖలో కాలేజీ హాస్టల్లో చేరిన కొత్తలో నిద్ర పట్టేది కాదు. గుండె దడ, పుస్తకం తెరిస్తే చెమటలు. నాన్న సైకియాట్రిస్టుకి చూపించారు. ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర అయిదు నెలలు, నిద్రకి క్లోనజెపామ్ 0.25 రాత్రిపూట మొదటి మూడు వారాలు వాడాను. ఆపేసి ఏడాది దాటింది, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. చిన్నప్పుడు ఆరేడేళ్ల వయసులో చలికాలం ఆయాసం వస్తే ఇన్‌హేలర్ కూడా వాడారట. మెడికల్ ఫారంలో ఇవన్నీ అడుగుతారని విన్నాను. కోచింగ్ సారు ‘నో’ అని పెట్టేయమంటున్నారు, రక్తంలో ఏమీ దొరకదట. నాన్నదీ అదే మాట. ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చిన మా మావయ్య మాత్రం రాసి తీరాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక అభ్యర్థి

జవాబు:

తమ్ముడూ, రక్తం సంగతి వరకు మీ సారు చెప్పింది నిజమే. ఎస్సిటలోప్రామ్ మోతాదు ఒంట్లో సగానికి తగ్గడానికి 30 గంటలు పడుతుంది, వారం పది రోజుల్లో దాదాపు అంతా పోతుంది. క్లోనజెపామ్ ఇంకాస్త నిదానం, మూత్రంలో కొన్ని వారాల దాకా ఆనవాళ్లు ఉండొచ్చు. ఏడాది కిందట ఆపేసిన మందు ఇప్పుడు రక్తపరీక్షలోనూ, మూత్రపరీక్షలోనూ దొరకదు. అయితే ఆ ఫారం అడిగేది నీ రక్తంలో ఏముందని కాదు. నీకు ఇంతకుముందు ఏమేం వచ్చాయో నిన్నే చెప్పమంటుంది. చెప్పినదంతా నిజమని మెడికల్ ఆఫీసరు ఎదుట సంతకం చేయిస్తుంది. కాబట్టి మీ మావయ్య మాటే విను. కాకపోతే ‘రాసెయ్’ అన్నంత మాత్రాన సరిపోదు. ఏం రాయాలి, ఏ కాగితంతో రాయాలి అన్నదాని మీదే నీ కేసు నిలుస్తుంది.

ముందు ఏ ఫారం గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం, పిల్లలు ఇక్కడే గాభరా పడుతున్నారు. యూపీఎస్‌సీ ఆన్‌లైన్ దరఖాస్తులో జబ్బుల చరిత్ర అడగరు. ఎస్‌ఎస్‌బీలో మొదటిరోజు నింపే పీఐక్యూ ఫారం చదువు, కుటుంబం, ఆటలు, హాబీల గురించి. వైద్య వివరాల పత్రం నీ చేతికొచ్చేది అయిదు రోజుల ఎస్‌ఎస్‌బీ ముగిసి, నిన్ను సిఫారసు చేసి, సైనిక ఆసుపత్రికి పంపాక. స్పెషల్ మెడికల్ బోర్డు అంటే అదే. ఆ పత్రంలో ఉబ్బసం, క్షయ, మూర్ఛ, కామెర్లు, చెవి కారడం, తల దెబ్బ, మానసిక జబ్బు వంటివి ఒక్కొక్కటిగా అడుగుతారు. ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరావా, ఇంతకుముందు ఏ సైనిక నియామకంలోనైనా వైద్య కారణంతో తిరస్కరించారా అనీ ఉంటుంది. ఇంట్లోవాళ్ల షుగరు, బీపీ, గుండెజబ్బు, మతిభ్రమణం సంగతులూ ఉంటాయి. అగ్నివీర్ ర్యాలీకి వెళ్లి మెడికల్లో ఆగిపోయినవాళ్లు ఆ ముక్క వదిలేస్తుంటారు. అది ప్రభుత్వ రికార్డులోనే ఉన్న విషయం, దాచడంలో అర్థం లేదు.

అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది చేర్చకు. రెండు మాటలూ సమానంగా గుర్తుపెట్టుకో. వైరల్ జ్వరానికి వేసుకున్న పారాసెటమాల్, విరేచనాలకి మింగిన మాత్రలు, ఊళ్లో ఆర్‌ఎంపీ చేసిన సూది మందులు అన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. అలా రాసిన కుర్రాడికి అసలు రోగం ఏదో అర్థంకాక డాక్టరు మరో నాలుగు పరీక్షలు రాస్తాడు. నీ విషయంలో రాయాల్సినవి రెండు: సైకియాట్రిస్టు వైద్యం, చిన్ననాటి ఆయాసం.

ఇప్పుడు చేదు మాట. మానసిక అనారోగ్య చరిత్ర ఉంటే సైకియాట్రిస్టు క్షుణ్ణంగా చూడాలని, అలాంటి కేసులు మామూలుగా తిరస్కరించాల్సినవేనని ఎన్‌డీఏ నోటిఫికేషన్ వెనకనున్న వైద్య ప్రమాణాల్లోనే ఉంది. పదే పదే వచ్చే నిద్రలేమి, నిద్రలో నడక, పక్క తడపడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అందుకని ‘నిజం రాస్తే అంతా సవ్యంగా జరుగుతుంది’ అని నీకు హామీ ఇవ్వను. అయితే హాస్టల్ మారిన ఒత్తిడికి కొద్దినెలలు తల్లడిల్లి సర్దుకున్న పదహారేళ్ల కుర్రాడూ, పానిక్ డిజార్డర్‌తోనో డిప్రెషన్‌తోనో పదే పదే మందులకెళ్లిన మనిషీ వైద్యం దృష్టిలో ఒకటి కారు. మాత్ర పేరు ఇద్దరికీ ఒకటే కావచ్చు, జబ్బు పేరు వేరు. బోర్డు ముందు కాగితం లేకపోతే మాత్ర పేరే మిగులుతుంది, దాన్నుంచి జబ్బును ఊహించుకోవడం వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ఊహకి చోటివ్వకుండా చేసుకోవడమే నీ పని.

మన ప్రైవేటు క్లినిక్‌లలో ఓపీ చీటీ మీద చాలాసార్లు మందుల పేర్లే ఉంటాయి, జబ్బు పేరు ఉండదు. కొన్నిచోట్ల ఒక ప్రశ్నార్థకం పక్కన రెండక్షరాలు గీకి వదిలేస్తారు. అందుకే ఎస్‌ఎస్‌బీ తేదీ రాకముందే, అంటే ఇప్పుడే, ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి వైద్య సారాంశం అడుగు. నీకు 18 నిండలేదు కాబట్టి నాన్న రావాలి, దరఖాస్తు మీద సంతకం ఆయనదే. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి (2002) ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలి, రోగిగానీ తరఫువాళ్లుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నువ్వు చేరలేదు, ఓపీలోనే చూపించుకున్నావు. అయినా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 25వ సెక్షన్ తన వైద్య రికార్డు తాను పొందే హక్కు ఇస్తుంది. చట్టం పేరెత్తే అవసరం చాలావరకు రాదు. మర్యాదగా అడిగి, పాత చీటీలు, మందుల షాపు బిల్లులు పట్టుకెళ్తే చాలు.

సారాంశంలో ఏముండాలో ఆయనకి స్పష్టంగా చెప్పండి. మొదటిసారి చూసిన తేదీ, అప్పటి లక్షణాలు, నిర్ధారించిన జబ్బు పేరు, మందులు, మోతాదులు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఎవరి సలహాతో ఆపారు, తర్వాత మళ్లీ లక్షణాలు వచ్చాయా, ఇవాళ పరీక్షించి చూస్తే ఎలా ఉంది. ఆత్మహత్య ఆలోచనలు, మత్తు అలవాటు అప్పుడు లేకపోతే ‘లేవు’ అనే మాట కూడా ఉండాలి, ఎందుకంటే బోర్డు సైకియాట్రిస్టు ముందుగా వెతికేవి అవే. లెటర్‌హెడ్, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ తప్పనిసరి. ‘ఇతను సైన్యానికి పూర్తిగా అర్హుడు’ అని రాయించుకోవద్దు. అది తేల్చేది బోర్డు, అలాంటి వాక్యం చూస్తే బతిమాలి తెచ్చుకున్న కాగితమని అనుమానిస్తారు. తేదీలు వెనక్కి జరిపించడం, జబ్బు పేరు మార్పించడం అసలే వద్దు. అది దాచడం కన్నా పెద్ద నేరం.

ఒకవేళ ఆ క్లినిక్ మూసేశారనో, డాక్టరు ఊరు మారారనో అనుకో. ఉన్న చీటీలు తీసుకుని ప్రభుత్వ సైకియాట్రీ ఓపీకి వెళ్లు. విశాఖ కేజీహెచ్, చినవాల్తేరు మానసిక వైద్యశాల, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఏది దగ్గరైతే అది. జరిగింది చెప్పి, ఇప్పటి స్థితి మీద రిపోర్టు తీసుకో. పాత జబ్బు పేరు వాళ్లు ఖాయం చేయలేకపోవచ్చు, ఇప్పుడు లక్షణాల్లేవన్నది మాత్రం రాయగలరు.

ఫారంలో రాసేటప్పుడు సంబంధిత గడిలో ‘అవును’ పెట్టి, పక్కన వివరం రెండు వాక్యాల్లో ముగించు. ఫలానా సంవత్సరం ఫలానా నెలలో హాస్టల్లో చేరాక నిద్రలేమి, ఆందోళన. ఓపీలో వైద్యం, ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు 5 నెలలు, క్లోనజెపామ్ 0.25 మిల్లీగ్రాములు 3 వారాలు. ఫలానా నెలలో డాక్టరు సలహాతో ఆపడం, తర్వాత లక్షణాలు లేవు, సారాంశం జతచేశాను. ఇంగ్లిష్‌లో ఇదే వరసలో రాయి. సారాంశంలో ‘సర్దుబాటు సమస్య’ అని ఉంటే నువ్వు ‘డిప్రెషన్’ అని రాయకు. అక్కడ ‘డిప్రెషన్’ ఉంటే నువ్వు ‘కొంచెం టెన్షన్’ అని పలచన చేయకు. నీ రాత, డాక్టరు కాగితం, నోటి జవాబు మూడూ ఒకే తేదీలు చెప్పాలి. జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకో, అసలు కాగితాలు ఎవరికీ వదిలేయకు.

తర్వాత సైకియాట్రిస్టు పిలుస్తాడు. అప్పట్లో ఏం జరిగింది, ఎవరు తీసుకెళ్లారు, మందు ఆపాక మొదటి నెల ఎలా ఉంది, ఇప్పుడు పరీక్షల ముందురోజు ఎన్ని గంటలు పడుకుంటావు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని అడుగుతాడు. బట్టీపట్టిన జవాబులు అక్కడ ఇట్టే తెలిసిపోతాయి. మందు ఆపాక హాస్టల్లోనే ఉండి, పరీక్షలు రాసి, పరుగూ మానకుండా ఏడాది గడిపావు కదా, నీకున్న అసలు బలం అదే. కాలేజీ హాజరు, మార్కుల మెమో అడిగితే చూపించేందుకు దగ్గర పెట్టుకో.

మీ నాన్నగారి భయం అర్థమవుతుంది. సంతకం పెట్టేసి లోపలికెళ్తే ఎవరూ వెతకరన్నది ఆయన లెక్క. వెతకకపోవచ్చు కూడా. చిక్కు ఎన్‌డీఏ ఉన్న ఖడక్‌వాస్లాకి వెళ్లాక వస్తుంది. అక్కడ మూడేళ్లు, ఆపైన సైన్యానికైతే డెహ్రాడూన్‌లో ఇంకో ఏడాది. తెల్లవారకముందు లేవడం, నిద్ర కరువు, సీనియర్ల అదుపు, పోటీ, నీ పాత లక్షణాలు ఏ పరిస్థితుల్లో పుట్టాయో అవే, పదింతలు. మళ్లీ నిద్ర పట్టకపోతే బయటి డాక్టరు దగ్గరికి గుట్టుగా వెళ్లే వీలుండదు. అకాడమీ ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడి డాక్టరు మొదటి ప్రశ్న ‘ఇంతకుముందు ఎప్పుడైనా?’ అనే. అప్పుడు నిజం చెబితే సంతకం పెట్టిన ఫారం అబద్ధమని నీ నోటితోనే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే వైద్యం తప్పుదారి పడుతుంది. చేరేటప్పుడు తల్లిదండ్రులు కూడా ఒక బాండు రాస్తారు. తన చేతిలో ఉన్న కారణంతో పిల్లవాడు మధ్యలో ఆగిపోతే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలని అందులో ఉంటుంది. జబ్బు చేయడం చేతిలో లేని కారణమే. దాచి చేరడం అలాంటిదని వాదించడం కష్టం. ఈ ముక్క నాన్నకి చదివి వినిపించు.

ఇక ఇన్‌హేలర్. పదే పదే ఉబ్బసం, పిల్లికూతలు వచ్చిన చరిత్ర తిరస్కరణకి కారణమని ప్రమాణాల్లో ఉంది. కానీ జలుబు చేసినప్పుడల్లా మన పిల్లల డాక్టర్లు నెబ్యులైజర్ పెట్టడం, సాల్బుటమాల్ ఇవ్వడం రివాజు. అది వాడిన ప్రతి పిల్లవాడికీ ఉబ్బసం ఉన్నట్టు కాదు. అమ్మని కూర్చోబెట్టి అడుగు: ఎన్ని చలికాలాలు, ఆసుపత్రిలో చేర్చారా, ఏ వయసులో ఆఖరుసారి. తర్వాత స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించుకో. విశాఖ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలోనో, దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊపిరితిత్తుల విభాగంలోనో అడుగు. మందు పీల్చకముందు ఒకసారి, సాల్బుటమాల్ పీల్చాక 15 నిమిషాలకి ఒకసారి ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి రెండోసారి 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటి పెరిగితే ఊపిరి గొట్టాల్లో బిగువు ఇంకా ఉందని అర్థం. అలా పెరగకుండా, రెండుసార్లూ మామూలుగా ఉంటే ఆ రిపోర్టు నీకు పనికొస్తుంది. ఫారంలో మాత్రం ‘6–7 ఏళ్ల వయసులో చలికాలపు ఆయాసం, ఇన్‌హేలర్, ఆ తర్వాత లేదు’ అని ఉన్నదున్నట్టు రాయి.

పాత మందుల కన్నా కొత్త మందులు మెడికల్‌ని పాడుచేసిన కేసులే ఎక్కువ. దగ్గు సిరప్‌లో కోడీన్ ఉంటే మూత్రపరీక్షలో ఓపియేట్‌గా కనిపించొచ్చు. గసగసాలు ఎక్కువ పోసిన మసాలా కూర తిన్నా అదే తంటా, ఆ వారం నాటుకోడి పులుసు మానుకుంటే నష్టం లేదు. ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్ బీపీని, నాడిని పెంచుతుంది. బీపీ నిలకడగా 140/90 దాటితే తిరస్కరిస్తారు. జిమ్‌లో అంటగట్టే క్రియాటిన్ పొడి రక్తంలో క్రియాటినిన్‌ను పెంచి కిడ్నీ మీద అనుమానం రేపుతుంది. మెడికల్‌కి ముందు రెండు రోజులు విపరీతంగా పరిగెత్తినా మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్) పడొచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు పిల్లలు ఈ మాట మరీ జాగ్రత్తగా వినాలి. ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నచోట, కుటుంబ చరిత్ర గడిలో అది రాయాలి, ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ బిళ్లలు మింగే అలవాటు ఇప్పుడే మానాలి, ఇంటి దగ్గరుండగానే ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోవాలి.

ఇది చదివే మరికొందరికి వేరే పాత మందులు ఉంటాయి. క్షయకి ఆరు నెలల కోర్సు వాడినవాళ్లు వైద్యం పూర్తయి రెండేళ్లు దాటి, ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గ మచ్చ మిగలకపోతే అర్హులు కాగలరు. నిక్షయ్ నంబరు (ప్రభుత్వ క్షయ రికార్డులో రోగి నంబరు), వైద్యం పూర్తయిన సర్టిఫికెట్, అప్పటి ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే కావాలి. పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చి గార్డినాల్ వాడారంటే వయసే కీలకం. అయిదేళ్ల లోపు, జ్వరంతో వచ్చినదని పిల్లల డాక్టరు కాగితం ఉంటే వినిపించుకుంటారు, అయిదేళ్లు దాటాక వచ్చిన ఫిట్స్‌కి సాధారణంగా తలుపు మూసినట్టే. వైమానిక దళం కోరుకునేవాళ్లకి మైగ్రేన్ సంగతి కూడా అంతే కటువు, డాక్టరుకి చూపించుకునేంత తలనొప్పి ఉంటే చాలు.

ఇంకా మందు వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి ఒక హెచ్చరిక: మెడికల్ దగ్గరపడిందని మీ అంతట మీరు ఆపేయకండి. క్లోనజెపామ్ ఒక్కసారి మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి మొదలవ్వొచ్చు. డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తాడు, ఆయనకే వదిలేయండి. ఫారంలో రాయాల్సొస్తుందని వైద్యమే చేయించుకోకుండా ఉండడం ఇంకా పెద్ద తప్పు. నీకూ చెబుతున్నా తమ్ముడూ, పాత దడ మళ్లీ వస్తే 14416కి ఫోన్ చేయి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బోర్డు ‘అన్‌ఫిట్’ అంటే కారణం రాయించి తీసుకో, అక్కడికక్కడే బోర్డు అధ్యక్షుడు అప్పీలు పద్ధతి చెబుతారు. స్పెషల్ బోర్డు తేదీ నుంచి 42 రోజుల్లో అప్పీల్ బోర్డు పూర్తికావాలి. అక్కడా కాదంటే రివ్యూ బోర్డు కోరడానికి ఒక్క రోజే గడువు, అది ఇవ్వడం ఇవ్వకపోవడం పైవాళ్ల ఇష్టం. రైలెక్కి ఇంటికొచ్చి ఆలోచిద్దామనుకుంటే ఆ రోజు కాస్తా పోతుంది. అప్పీలుకి కొత్త సాక్ష్యంతో వెళ్లాలి: ప్రభుత్వ సైకియాట్రిస్టు తాజా రిపోర్టు, స్పైరోమెట్రీ. ‘దయచేసి చూడండి’ అన్న విన్నపం ఒక్కటే పట్టుకెళ్తే ఫలితం మారదు.

ఈసారి దారి మూసుకుపోయినా ఎన్‌డీఏ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, నీకు పంతొమ్మిదిన్నర దాకా వయసుంది. డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఉంది. అప్పటికి మందుల్లేకుండా నాలుగైదేళ్లు గడిచి ఉంటాయి, అదే చరిత్రని బోర్డు చూసే తీరులో తేడా రావచ్చు. కానీ ఈసారి ‘నో’ అని సంతకం పెట్టి ఉంటే అప్పుడు ‘అవును’ అని రాయలేవు, పాత ఫారం ఎదురు నిలబడుతుంది.

ఈ ఆదివారం పాత చీటీలు వెతుకు. సోమవారం ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి సారాంశం కావాలని చెప్పి టైము తీసుకో. నాన్న ఆధార్, నీ ఆధార్, దొరికిన బిల్లులు పట్టుకెళ్లండి. డాక్టరు రాసిచ్చింది బయటికి రాకముందే అక్కడే కూర్చుని చదువు. తేదీ తప్పుపడితే అప్పుడే దిద్దించి, పక్కన సంతకం పెట్టించుకో.